ఇంట్లో చూసిన సినిమాకు 2.75 ఎందుకు సరిపోదు

తెలుగు సినిమాలు చూసేవాళ్లకు 2.75 అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. వెబ్‌సైట్లు ఐదుకు ఇచ్చే రేటింగులో మూడు వచ్చిందంటే సినిమా గట్టెక్కినట్టు, రెండున్నర దగ్గర ఆగిపోయిందంటే కష్టమన్నట్టు. ఆ మధ్యలో ఉన్న పావు మార్కు కోసం అభిమానులు రోజంతా వాదించుకుంటారు. శుక్రవారం ఇక్కడ మార్నింగ్ షో పడకముందే ఆ అంకె ఫోన్లలోకి వచ్చేస్తుంది. అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే వేస్తారు కాబట్టి, అక్కడ శుభం కార్డు పడేసరికి ఇక్కడ తెల్లవారుతుంటుంది.

థియేటర్ వరకు ఆ అంకెకు ఒక పని ఉంది. నలుగురున్న కుటుంబం సినిమాకు వెళ్లాలంటే టికెట్లు, పార్కింగ్, ఇంటర్వెల్‌లో పిల్లలకు పాప్‌కార్న్, అన్నీ కలిపి నెల ఖర్చుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెళ్లాలా వద్దా అన్నది ఎవరో ఒకరు ముందే చూసి చెబితే మేలు. ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్ నిలబడిందా, ఇంటర్వెల్ బ్యాంగ్ పేలిందా, పెట్టిన డబ్బులకు న్యాయం జరిగిందా అన్న లెక్కలన్నీ ఆ ఒక్క నిర్ణయం కోసం పుట్టినవే.

ఇంట్లో సోఫాలో కూర్చుని చూసినదానికి కూడా మనం అదే కొలబద్ద పట్టుకుని అభిప్రాయం చెబుతున్నాం. చిక్కంతా అక్కడే. ఓటీటీ చందా ఎప్పుడో కట్టేశాం, లేదా ఫోన్ రీచార్జ్‌తో పాటే వచ్చింది. ఇంకో సినిమా చూసినా చూడకపోయినా జేబులోంచి పోయేదేమీ లేదు. పోయేది ఒక సాయంత్రం. ఆ సాయంత్రం హాల్లో ఎవరెవరు కూర్చున్నారు, ఏ భాషలో పెట్టుకున్నారు, ఎంతవరకు చూశారు అన్నవి చెప్పకుండా "బాగుంది" అనో "యావరేజ్" అనో తేల్చేస్తే, విన్నవాళ్లు దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

మన ఇళ్లలో ఎవరైనా ఏదైనా చూడమని చెబితే వెంటనే వచ్చే ప్రశ్న కథ గురించి కాదు. "ఇంట్లో అందరం కూర్చుని చూడొచ్చా?" అంటారు. ఈ ప్రశ్నను పాతకాలపు మొహమాటంగా తీసిపారేసేవాళ్లు ఉన్నారు. అది సరికాదు. రెండు గదుల ఇల్లు, హాల్లో ఒకే టీవీ, ఒక పక్క నాయనమ్మ, ఇంకో పక్క ఇంటర్ చదివే అమ్మాయి, మధ్యలో రిమోట్ పట్టుకున్న నాన్న. చాలా ఇళ్లలో సినిమా చూడటమంటే ఇదే. థియేటర్లో ఇబ్బందికరమైన సీన్ వస్తే చీకటి కాపాడుతుంది, పక్కవాళ్ల ముఖం కనిపించదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటుంది. ఒకరు గబుక్కున లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తారు, ఇంకొకరు రిమోట్ కోసం వెతుకుతారు. అప్పటిదాకా కథ ఎంత బాగా నడిచినా, ఆ ఇంటికి ఆ రాత్రి గుర్తుండిపోయేది ఆ రెండు నిమిషాలే.

2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో ‘రానా నాయుడు’ వచ్చినప్పుడు జరిగింది ఇదే. అది ఒక అమెరికన్ సిరీస్‌కు మన దేశపు రూపం, ప్రధానంగా హిందీలో తీసింది, తెలుగు డబ్బింగ్‌తో కూడా ఇచ్చారు. తెలుగు ఇళ్లకు మాత్రం అందులో కనిపించింది వెంకటేశ్. దశాబ్దాలుగా పండక్కి కుటుంబమంతా కలిసి వెళ్లి చూసే సినిమాల హీరో. ఆ నమ్మకంతోనే హాల్లో అందరి మధ్యా పెట్టుకున్నవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లోనే బూతులు, పడకగది సీన్లు ఎదురయ్యాయి. సిరీస్ మీద వచ్చిన దుమారంలో కథ గురించీ నటన గురించీ మాట్లాడినవాళ్లు తక్కువ. ఒంటరిగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసినవాళ్ల అభిప్రాయానికీ, అమ్మానాన్నల పక్కన కూర్చుని చూసినవాళ్ల అభిప్రాయానికీ అసలు పొంతనే లేదు. ఎలా చూశారో చెప్పకపోవడం వల్లే ఒకరి మాట ఇంకొకరికి అన్యాయంగా తోచింది.

వయసు గుర్తులు ఉన్నాయి కదా అనవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన ఐటీ నియమాల ప్రకారం ఓటీటీలో ప్రతిదానికీ యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అనే ఐదింటిలో ఒక గుర్తు ఉండాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కూడా ఇవ్వాలి. పిల్లల విషయంలో ఇది పనికొచ్చే ఏర్పాటే. కానీ మన హాల్లో సమస్య పిల్లలతోనే ఆగదు. ముప్ఫై ఏళ్ల కొడుకు, అరవై ఏళ్ల తల్లి, ఇద్దరూ పెద్దవాళ్లే. చట్టం లెక్కలో ఇద్దరూ ఏదైనా చూడొచ్చు. కలిసి మాత్రం చూడలేరు. కొత్తగా పెళ్లయిన జంట అత్తగారింట్లో ఉన్నప్పుడు, మామగారి పక్కన అల్లుడు కూర్చున్నప్పుడు ఏది చూడొచ్చో ఏ గుర్తూ చెప్పదు. అది చెప్పగలిగేది ముందే చూసిన మనిషి మాత్రమే. "మూడో ఎపిసోడ్ మొదట్లో ఒక సీన్ ఉంది, అది దాటేస్తే మిగతాదంతా ఫర్వాలేదు" అన్న మాట నాలుగు పేజీల రివ్యూ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. "కొట్లాటలున్నాయి కానీ రక్తం పెద్దగా చూపించడు, అమ్మ చూడగలదు" అన్నది కూడా అలాంటిదే.

రెండో ప్రశ్న, ఎంతవరకు చూశారన్నది. థియేటర్లో దాదాపు అందరూ చివరిదాకా కూర్చుంటారు. డబ్బు కట్టాం, బయటకు వెళ్తే బండి తీయడం కూడా కష్టం. ఇంట్లో ఆ కట్టుబాటు లేదు. ఒకరు ఇరవై నిమిషాలకు ఆపేసి "బోర్" అంటారు. ఇంకొకరు ఫోన్ చూసుకుంటూ, మధ్యలో కుక్కర్ కట్టేసి వచ్చి, చివరి అరగంట మాత్రం శ్రద్ధగా చూసి "క్లైమాక్స్ బాగుంది" అంటారు. మూడోవాళ్లు రాత్రి పది గంటలకు మొదలుపెట్టి తెల్లవారుజాము మూడింటికి సీజన్ ముగించి "సూపర్" అంటారు. ఒకే పేరున్న సిరీస్ గురించి మాట్లాడుతున్నా, నిజానికి ఈ ముగ్గురూ చూసింది మూడు వేర్వేరు వస్తువులు.

పైగా సిరీస్‌కు ఇంటర్వెల్ లేదు. తెలుగు ప్రేక్షకుడు కథను రెండు ముక్కలుగా కొలవడం అలవాటు చేసుకున్నాడు. సగం దగ్గర ఒక కుదుపు, చివర్లో ఒక ముగింపు. ఎనిమిది గంటల సిరీస్‌లో మొదటి రెండు గంటలు మనుషుల్ని పరిచయం చేయడానికే సరిపోతాయి. దాన్ని సినిమా లెక్కలో చూస్తే ల్యాగ్ అనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజంగానే ల్యాగ్, రెండున్నర గంటల కథను సాగదీసి ఎనిమిది చేసినవి చాలానే ఉన్నాయి. కొన్నిసార్లు మాత్రం ఆ నిదానమే అసలు విషయం. తేడా తెలియాలంటే చెప్పేవాళ్లు ఎక్కడ ఆపారో చెప్పాలి. "రెండు ఎపిసోడ్లు చూసి వదిలేశాను" అని చెప్పడంలో తప్పేమీ లేదు. ఆ మాట దాచి మొత్తం సిరీస్ మీద తీర్పు చెప్పడమే తప్పు.

కంపెనీలు ఇచ్చే లెక్కలు ఈ విషయంలో ఏమాత్రం ఆదుకోవు. నెట్‌ఫ్లిక్స్ 2020లో కనీసం రెండు నిమిషాలు చూసినవాళ్లందరినీ "చూసినవాళ్లు"గా లెక్కవేయడం మొదలుపెట్టింది. అంతకుముందు సినిమాలోనో ఎపిసోడ్‌లోనో 70 శాతం చూస్తేనే లెక్క. రెండు నిమిషాలంటే పేర్లు పడేలోపే. 2021 చివర్లో మొత్తం ఎన్ని గంటలు చూశారన్న లెక్కకు మారింది. 2023 నుంచి ఆ గంటలను సినిమా నిడివితో భాగించి వచ్చినదాన్ని వీక్షణలు అంటోంది. ఈ పద్ధతుల్లో దేనిలోనూ నచ్చిందా అన్న ప్రశ్నే లేదు. ట్రెండింగ్‌లో మొదటి స్థానం అని పోస్టర్ వేస్తే అది చాలామంది నొక్కారని మాత్రమే చెబుతుంది. నొక్కినవాళ్లలో ఎంతమంది బాగుందన్నారో అది చెప్పదు.

అదే నెట్‌ఫ్లిక్స్ 2017లో ఐదు స్టార్ల పద్ధతి తీసేసి బొటనవేలు పైకీ కిందికీ పెట్టింది. ముందుగా పరీక్షించి చూసినప్పుడు అభిప్రాయం నొక్కేవాళ్లు 200 శాతం పెరిగారని అప్పట్లో కంపెనీయే చెప్పింది. దానికి చెప్పుకున్న కారణం ఇంకా ఆసక్తికరం. జనం గంభీరమైన డాక్యుమెంటరీకి ఐదు స్టార్లు, అల్లరి కామెడీకి మూడు స్టార్లు ఇస్తున్నారు. రాత్రి కూర్చుని చూసేది మాత్రం ఆ మూడు స్టార్ల కామెడీనే. స్టార్లు ఇచ్చేటప్పుడు మనం విమర్శకులమవుతాం, రిమోట్ పట్టుకున్నప్పుడు అలసిపోయి ఇంటికొచ్చిన మనుషులం. ఈ రెండూ అబద్ధాలు కావు. గొప్ప సినిమా వేరు, మంగళవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక చూడగలిగే సినిమా వేరు. స్నేహితుడికి చెప్పేటప్పుడు ఈ రెండింటిలో దేని గురించి చెబుతున్నామో అన్నది తెలిస్తే చాలు, సగం గొడవలు తీరిపోతాయి.

భాష సంగతి ఇంకా తేలిగ్గా మరిచిపోతాం. 2020 మార్చిలో థియేటర్లు మూతపడ్డాక తెలుగువాళ్లు మలయాళ సినిమాలు చూడటం బాగా పెరిగింది, చాలామంది సబ్‌టైటిల్స్‌తోనే చూశారు. దాంతో అభిప్రాయాల్లో ఒక కొత్త రకం పుట్టింది: "నేను మలయాళంలోనే చూసేశా." ‘దృశ్యం 2’ మలయాళంలో 2021 ఫిబ్రవరి 19న వచ్చింది, తెలుగులో అదే ఏడాది నవంబర్ 25న. రెండూ ఒకే ప్లాట్‌ఫామ్‌లో, రెండింటికీ ఒకే దర్శకుడు. మలయాళంలో చూసినవాళ్లకు తెలుగుదాంట్లో సస్పెన్స్ మిగిలే అవకాశమే లేదు. వాళ్లు వెంకటేశ్‌ను మోహన్‌లాల్‌తో పోల్చి మాట్లాడారు. మొదటిసారి తెలుగులోనే చూసినవాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. 2022 అక్టోబర్‌లో ‘గాడ్‌ఫాదర్’ థియేటర్లకు వచ్చేనాటికి దాని మాతృక, మలయాళ ‘లూసిఫర్’, తెలుగు డబ్బింగ్‌తో సహా ఇళ్లలోకి వచ్చేసి చాలాకాలమైంది. రీమేక్ గురించి చెప్పేవాళ్లు ముందుగా తాము అసలుది చూశారో లేదో చెప్పాలి. అది చెప్పకుండా "ఏముంది, తెలిసిన కథే" అంటే కొత్తగా చూడబోయేవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టే.

డబ్బింగ్ ఇంకో తలనొప్పి. కొరియన్, స్పానిష్ సిరీస్‌లను తెలుగు డబ్బింగ్‌లో చూసి "నటన కృత్రిమంగా ఉంది" అంటే, ఆ మాట నటులకు తగలాలా, డబ్బింగ్ చెప్పినవాళ్లకు తగలాలా? దీనికి మన సినిమానే మంచి ఉదాహరణ. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మే 20న ఓటీటీల్లోకి వచ్చినప్పుడు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషల్లో జీ5కి, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది. అమెరికాలో ఇంట్లో కూర్చుని నెట్‌ఫ్లిక్స్‌లో దాన్ని చూసి ఊగిపోయినవాళ్లు చూసింది హిందీ డబ్బింగ్. తెలుగు సినిమాకు ప్రపంచం పట్టిన హారతిలో ఎంతో భాగం తెలుగు మాట వినకుండానే పట్టింది. అందులో బాధపడాల్సింది కొంత ఉంది. హక్కులు ఎవరికి అమ్ముడుపోయాయన్నదాన్ని బట్టి జనం ఏ గొంతు విని అభిప్రాయం ఏర్పరచుకుంటారో తేలిపోతోంది. అమెరికాలో ఉన్న కొడుకు ఒక సినిమా చూడమని ఫోన్‌లో చెబితే, విజయవాడలో ఉన్న తల్లికి అది అదే యాప్‌లో ఉండకపోవచ్చు, అదే భాషలో కూడా ఉండకపోవచ్చు. ఎక్కడ చూశారో చెప్పడం కూడా అభిప్రాయంలో భాగమే.

కథ చెప్పేయడం గురించి ఇప్పుడు అందరికీ పట్టింపు పెరిగింది, మంచిదే. అయితే టీవీ సీరియల్ విషయంలో మర్యాద సరిగ్గా దీనికి ఎదురు. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన ‘కార్తీకదీపం’ రోజుల్లో ఒక ఎపిసోడ్ తప్పిపోయిన వదినకు పక్కింటావిడ కథ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పేది, చెప్పకపోతేనే కోపం. కూరగాయలు తరుగుతూ, "నిన్న మోనిత ఏం చేసిందో తెలుసా" అని మొదలుపెడితే అందులోనే కథ, తీర్పు రెండూ వచ్చేసేవి. అక్కడ ఫొటోగ్రఫీ ఎలా ఉంది, స్క్రీన్‌ప్లే బిగువుగా ఉందా అని ఎవరూ అడగరు. దీప అంత ఓర్చుకోవాల్సిన అవసరం ఉందా, డాక్టర్ బాబు భార్యను నమ్మకపోవడం న్యాయమా అన్నదే చర్చ. సీరియల్ మీద అభిప్రాయమంటే నడవడిక మీద అభిప్రాయం. భర్త అనుమానం గురించీ, అత్తింటి తీరు గురించీ సొంత పేర్లతో చెప్పుకోలేనివి ఆ పాత్రల పేర్లతో చెప్పుకోవచ్చు. సీరియళ్లను చులకన చేసేవాళ్లు ఈ సంభాషణను ఎప్పుడూ శ్రద్ధగా విని ఉండరు. ఆడవాళ్లు ఏళ్ల తరబడి రోజూ కొనసాగించిన ఇంత సుదీర్ఘమైన చర్చ ఏ సినిమాకూ దక్కలేదు.

టీవీ చేసిన ఇంకో మేలు, తీర్పును వాయిదా వేయడం. ‘ఖలేజా’ 2010 అక్టోబర్ 7న విడుదలైనప్పుడు థియేటర్లో నిలబడలేదు. మహేశ్‌బాబు లాంటి పెద్ద హీరో, అంతకుముందు ఆయన, దర్శకుడు త్రివిక్రమ్ కలయికలో వచ్చిన ‘అతడు’ తాలూకు అంచనాలు, ఎడారి మీదుగా దేవుడి దాకా వెళ్లే కథ. టికెట్ కొని వెళ్లినవాళ్లు కోరుకున్నది వేరు. తర్వాత టీవీలో మళ్లీ మళ్లీ వేస్తుంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ ఏ సీన్ దగ్గరో అందుకుని చూసినవాళ్లకు డైలాగులు పట్టుకున్నాయి. మొదటినుంచి చూడాల్సిన పని లేదు, కథ ఎటు పోతోందన్న ఆత్రం లేదు. హాస్యం దానంతట అదే బయటపడింది. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే థియేటర్లకు పోటెత్తినవాళ్లలో చాలామంది ఆ సినిమాను ఇంట్లో టీవీలో చూసి ప్రేమించినవాళ్లే. సినిమా అదే. చూసే తీరు మారింది. మొదటిరోజు తీర్పు అబద్ధమని దీని అర్థం కాదు, టికెట్ కొన్న మనిషి నిరాశ కూడా నిజమే. కానీ ఆ తీర్పే ఆఖరిది అనుకోవడం తెలుగు సినిమాకు చాలా నష్టం చేసింది.

దీనికి పక్కనే ఇంకో సంగతి. ‘అల వైకుంఠపురములో’ 2020 ఫిబ్రవరి నుంచే ఓటీటీలో ఉంది. అయినా అదే ఏడాది ఆగస్టులో జెమిని టీవీలో వేసినప్పుడు 29.4 టీఆర్పీ (టీవీలో ఎంతమంది చూశారో చెప్పే రేటింగ్) వచ్చింది. ఎవరికి వారు ఎప్పుడో చూసేసిన సినిమాను అందరూ ఒకే సాయంత్రం, ప్రకటనలతో సహా, మళ్లీ చూశారు. పక్కింట్లో కూడా అదే పాట వినిపిస్తుంటే చూడటంలో వేరే ఆనందం ఉంది. మరుసటి రోజు మాట్లాడుకోవడానికి అందరికీ ఒకే విషయం దొరుకుతుంది. ఓటీటీ పోగొట్టింది దీన్నే. ఒకరు మూడో ఎపిసోడ్‌లో ఉంటారు, ఒకరు ముగించేశారు, ఒకరు ఇంకా మొదలే పెట్టలేదు. ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర భోజనం చేస్తున్నా ఆ సిరీస్ గురించి నోరు విప్పలేరు.

ఈ మధ్య థియేటర్ రివ్యూల్లో "ఓటీటీలో వచ్చాక చూడొచ్చు" అన్న తీర్పు మామూలైపోయింది. తక్కువచేసి చెప్పే మాట అది. సినిమా విడుదలైన నాలుగు వారాలకే ఇంట్లోకి వచ్చేస్తుంటే ప్రేక్షకుడు ఆగడంలో ఆశ్చర్యం లేదు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ ఎనిమిది వారాల గడువు ఉండాలని తీర్మానించుకుంది అందుకే. అయితే ఆ తీర్పు వెనకున్న ఊహ తప్పు: ఇల్లంటే ఏదైనా సరిపోతుందని. నిజానికి ఇంట్లో ప్రేక్షకుడు ఇంకా నిర్దయగా ఉంటాడు. బటన్ వేలి కిందే ఉంటుంది.

ఇంటికోసమే తీసిన చిన్నవాటికి మన మాట ఎంత అవసరమో ‘90’స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ చూపించింది. 2024 జనవరి 5న ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల సిరీస్ అది. లెక్కల మాస్టారైన తండ్రి, ముగ్గురు పిల్లలు, మార్కులు, పొద్దున్నే ఉప్మా మీద గొడవ. అదే సంక్రాంతికి థియేటర్లలో పెద్ద హీరోల సినిమాలు వరుసకట్టాయి. ఈ సిరీస్ జనంలోకి వెళ్లింది ఎక్కువగా ఫోన్ల మీదే, "మన ఇల్లు చూసినట్టే ఉంది, అమ్మతో కలిసి చూడు" అన్న మెసేజ్‌లతో. ఆ మెసేజ్‌లో కావాల్సినవన్నీ ఉన్నాయి: ఎలాంటి కథో, ఎవరితో చూడాలో, ఎందుకు చూడాలో. స్టార్లు లేవు, మార్కులు లేవు.

థియేటర్ సినిమాకు గోడ మీద పోస్టరుంటుంది, కటౌట్ ఉంటుంది, హాలు బయట జనం ఉంటారు. ఓటీటీలో నేరుగా వచ్చే చిన్న సినిమాకు ఇవేవీ లేవు. విడుదలైన వారానికే కొత్త బొమ్మల వరుసల కింద ఎక్కడికో జారిపోతుంది. పేరు టైప్ చేసి వెతికితే తప్ప దొరకదు, పేరు తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని కుటుంబం గ్రూపులో "బాగుంది, చూడండి" అని వదిలేసే బదులు ఇంకో రెండు వాక్యాలు రాయాలి. పేరు, ఏ యాప్‌లో ఉందో, తెలుగులోనే తీసిందా డబ్బింగా, ఎంతసేపు పడుతుందో, ఎవరి పక్కన కూర్చుని చూశారో, మధ్యలో ఆపి ఉంటే ఎక్కడ ఆపారో. నచ్చకపోయినా సరే ఇవి రాయాలి. వదినకు విసుగనిపించిన నిదానం మరదలికి నచ్చవచ్చు, కానీ అది నిదానంగా నడుస్తుందన్న సంగతి ఆమెకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.